ఇంట్లో చిన్న రీఫ్ ట్యాంక్: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

రీఫ్ ట్యాంక్ అంటే ఉప్పునీళ్లలో సముద్రపు చేపలు, కోరల్స్ (పగడాలు) పెంచే గాజు తొట్టి. ఇక్కడ చెప్పేదంతా 40 నుంచి 80 లీటర్ల ట్యాంకుల గురించి, అంటే హాల్లో ఓ మూల పట్టేవాటి గురించే. పెద్ద ట్యాంకుల లెక్కలు వేరు. మంచినీటి చేపలు పెంచిన అనుభవం ఉంటే మంచిదే కానీ అక్కడి అలవాట్లు కొన్ని ఇక్కడ పనికిరావు, ముఖ్యంగా ట్యాంక్ నింపిన మర్నాడే చేపలు తెచ్చేసే అలవాటు.

సముద్రం ఎక్కడో మూడొందల కిలోమీటర్ల అవతల ఉంది, హైదరాబాద్‌లో ఇది అయ్యే పనేనా?

అవుతుంది. సముద్రం దగ్గరుండటం పెద్ద లాభమేమీ కాదు, ఎందుకంటే ఉప్పునీళ్లు ఎలాగూ ఇంట్లోనే కలుపుకుంటాం. మనకు అసలు ఇబ్బంది రెండింటితో: ఒకటి బోరు నీళ్లు, రెండోది ఎండాకాలం. ఈ రెండింటికీ ముందే ఏర్పాటు చేసుకుంటే మిగతాదంతా వారానికి గంట పని. చేసుకోకపోతే ఎంత ఖరీదైన లైట్ కొన్నా ఏప్రిల్ దాటదు.

చిన్న ట్యాంకే కదా, సులువుగా ఉంటుందిగా?

అందరూ ఇదే అనుకుంటారు. నిజానికి తిరకాసు ఇక్కడే ఉంది. నీళ్లు తక్కువైతే మార్పు వేగంగా వస్తుంది, రీఫ్ జీవాలు తట్టుకోలేనిది ఆ వేగాన్నే. లెక్క చూడండి: రాళ్లు, ఇసుక పోను ట్యాంకులో 40 లీటర్ల నీళ్లున్నాయి, ఉప్పు లీటరుకు 35 గ్రాములు. ఎండకు 2 లీటర్లు ఆవిరైతే నీళ్లు పోతాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు, మిగిలిన 38 లీటర్లలో అది దాదాపు 36.8 గ్రాములకు చేరుతుంది. అదే 2 లీటర్లు 400 లీటర్ల ట్యాంకులో పోతే తేడా తెలియను కూడా తెలియదు. అందుకే మొదటిసారి పెట్టేవాళ్లు 20 లీటర్ల క్యూబ్ ముద్దుగా ఉందని తీసుకోకుండా 60 లీటర్ల వైపు చూడటం మంచిది.

ఎంత ఖర్చవుతుంది?

గాజు తొట్టికి పెద్దగా అవ్వదు. డబ్బంతా లైట్, ఉప్పు, రాళ్లు, టెస్ట్ కిట్ల దగ్గర పోతుంది. 25 వేల లోపు సరిగ్గా మొదలుపెట్టడం కష్టమని నా అభిప్రాయం, నీళ్లను చల్లబరిచే చిల్లర్ కావాలంటే అదొక్కటే దాదాపు మిగతా సెటప్ అంత లాగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో తొట్టి, స్టాండ్, పంపులు కొనొచ్చు. రాళ్లు, ఇసుక మాత్రం పాత ట్యాంకువి వద్దు, అందులో ఎప్పుడైనా రాగి కలిసిన మందు వేశారో లేదో మీకు చెప్పేవాళ్లుండరు.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి? వాస్తు ప్రకారం ఈశాన్యమే మంచిదంటున్నారు.

పెట్టండి, పేచీ లేదు. ఈశాన్యంలో మధ్యాహ్నం ఎండ పడదు కాబట్టి ట్యాంకుకూ అదే మంచిది, పొద్దుటి ఎండ నేరుగా గాజు మీద పడకుండా కర్టెన్ వేస్తే చాలు. పెట్టకూడనిది పడమటి గోడ పక్కన, అందులోనూ పై ఫ్లోర్‌లో. ఆ గోడ రాత్రి పదింటికి చెయ్యి పెట్టినా వెచ్చగానే ఉంటుంది.

బరువు గురించి: 60 లీటర్ల ట్యాంక్ నీళ్లు, రాళ్లు, గాజు కలుపుకుని 90 కిలోల దాకా తూగొచ్చు. అపార్ట్‌మెంట్ స్లాబ్‌కు అది లెక్కలోకి రాదు గానీ చెక్క పొడితో చేసిన టీవీ యూనిట్‌కు చాలా ఎక్కువ, ఉప్పునీళ్లు తగిలితే అది ఉబ్బిపోతుంది కూడా. కడప బండో గ్రానైట్ పలకో వేసిన గట్టు ఉంటే అంతకన్నా మంచిది లేదు, ట్యాంక్ అడుగున మాత్రం పల్చటి థర్మాకోల్ షీట్ వేయండి. ప్లగ్ పాయింట్ నీటి మట్టం కన్నా పైన ఉండాలి, లేదంటే వైరు కిందికి వంపు తిరిగి మళ్లీ ప్లగ్ దగ్గరకు పైకి వెళ్లేలా వదలండి. అప్పుడు వైరు వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, సాకెట్లోకి పోదు.

కుళాయి నీళ్లు వాడొచ్చా? బోరు నీళ్లు? ట్యాంకర్?

మూడూ వద్దు. జలమండలి కృష్ణా, గోదావరి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బోరు నీళ్లలో టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల లెక్క) 600, 800, కొన్ని కాలనీల్లో వెయ్యి కూడా దాటుతుంది, అందులో నైట్రేట్ ఎంతో సిలికేట్ ఎంతో ఎవరికీ తెలియదు. ట్యాంకర్ సంగతి చెప్పనక్కర్లేదు, ఈ వారం వచ్చిన నీళ్లు వచ్చే వారం రావు.

కావాల్సింది ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గుండా వెళ్లిన నీళ్లు, టీడీఎస్ మీటర్ పెడితే సున్నా చూపించాలి. వంటింట్లో ఉన్న ఆర్‌ఓ నీళ్లు నేరుగా వాడితే కుదరదు, ఎందుకంటే తాగడానికి రుచి రావాలని చాలా మెషీన్లు కొంత మామూలు నీటిని మళ్లీ కలుపుతాయి, లేదా మినరల్ కార్ట్రిడ్జ్ గుండా పంపుతాయి. మీటర్ పెట్టి చూడండి, 40 నుంచి 80 మధ్య ఏదో చూపిస్తుంది. మెకానిక్‌ను పిలిచి ఆ కలిపే స్క్రూ మూయించి, మెంబ్రేన్ నుంచి వచ్చే లైన్‌కు మినరల్ కార్ట్రిడ్జ్ కన్నా ముందే ఓ టీ జాయింట్ వేసి డీఐ డబ్బా తగిలిస్తే పని అయిపోతుంది. వేరే యూనిట్ కొనక్కర్లేదు. బోరు నీళ్ల మీద నడిపితే మెంబ్రేన్, రెజిన్ రెండూ తొందరగా అయిపోతాయి కాబట్టి మంజీరా లైన్‌కో కృష్ణా లైన్‌కో కలిపితే ఖర్చు తగ్గుతుంది. ఆర్‌ఓ వదిలేసే నీళ్లు ఇల్లు తుడవడానికి వాడుకోండి.

ఇంకొక్కటి. ఈ నీళ్లు రాగి బిందెలోనో ఇత్తడి బకెట్లోనో పట్టకండి. రాగి చేపలకు కొంత వరకు ఫర్వాలేదు గానీ రొయ్యలు, నత్తలు, కోరల్స్ లేశమాత్రం కూడా తట్టుకోవు. సబ్బు ఎప్పుడూ తగలని ప్లాస్టిక్ బకెట్లు రెండు విడిగా కొని, పనమ్మాయికీ ఇంట్లోవాళ్లకూ ముందే చెప్పి పెట్టండి.

సూర్యలంక వెళ్లినప్పుడు క్యాన్లలో సముద్రం నీళ్లు తెచ్చుకుంటే?

ఒడ్డు దగ్గరి నీళ్లలో బురద, మురుగు, పడవల డీజిల్ అన్నీ ఉంటాయి. పైగా మన తీరంలో కృష్ణా, గోదావరి వచ్చి కలుస్తాయి, వానాకాలం తర్వాత ఆ చుట్టుపక్కల ఉప్పదనం బాగా పడిపోతుంది. కారు డిక్కీలో ఆరు గంటలు ఎండకు ఉడికిన నీళ్లలో బతికి ఉండాల్సినవి చచ్చిపోయి కుళ్లు మొదలవుతుంది. బీచ్ ఇసుక కూడా వద్దు.

కళ్లుప్పు కలిపితే సరిపోదా? ఆ ప్యాకెట్ ఉప్పు అంత ఖరీదెందుకు?

కళ్లుప్పులో ఉండేది దాదాపు సోడియం క్లోరైడే. సముద్రంలో అదొక్కటే ఉండదు, లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాముల పైన కాల్షియం, 1,300 దాకా మెగ్నీషియం, నీటి పీహెచ్ పడిపోకుండా పట్టుకునే కార్బొనేట్లు ఉంటాయి. వంటింటి ఉప్పుతో కోరల్ బతకదు, అంతే. రెడ్ సీ, ఇన్‌స్టంట్ ఓషన్, ట్రాపిక్ మారిన్ లాంటి రీఫ్ ఉప్పుల్లో ఏదైనా పర్లేదు, మాటిమాటికీ బ్రాండ్ మార్చకుండా ఉంటే చాలు.

కలిపే పద్ధతి: బకెట్లో 10 లీటర్ల డీఐ నీళ్లు, చిన్న పంపు వేసి తిప్పుతూ 350 నుంచి 400 గ్రాముల మధ్య ప్యాకెట్ మీద రాసినంత ఉప్పు కొద్దికొద్దిగా వేయాలి. ఉప్పులో నీళ్లు పోయకండి, తెల్లటి మడ్డి కట్టి కాల్షియం అంతా అందులోనే పోతుంది. రాత్రంతా తిరగనిచ్చి పొద్దున ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తే సాంద్రత 1.025 లేదా 1.026 రావాలి. రిఫ్రాక్టోమీటర్‌ను 35 పీపీటీ (వెయ్యి పాళ్లకు 35 పాళ్ల ఉప్పు) ద్రావణంతో సరిచేసుకోండి, ఉత్త నీళ్లతో సున్నాకు తెచ్చినంత మాత్రాన పైన సరిగ్గా చూపిస్తుందన్న నమ్మకం లేదు. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ చవకే కానీ ముల్లుకు ఒక్క బుడగ అంటుకున్నా అబద్ధం చెబుతుంది.

ఎండాకాలం ఎలా గట్టెక్కాలి?

ఈ ఊళ్లో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. ట్యాంకుకు కావాల్సింది 25, 26 డిగ్రీలు. 28 దాకా ఓర్చుకుంటాయి. 30 దాటి కొన్ని రోజులు నిలబడితే కోరల్స్ తమలో ఉండే నాచును వదిలేసి తెల్లబడటం మొదలవుతుంది, నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ కూడా తగ్గుతుంది కాబట్టి చేపలు పైకొచ్చి ఆయాసపడతాయి.

చవకైన ఉపాయం ఫ్యాన్. నీటి మీదుగా ఏటవాలుగా గాలి కొట్టే చిన్న ఫ్యాన్ పెడితే ఆవిరి వల్ల నీళ్లు రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లబడతాయి. మన ఎండ పొడి ఎండ కాబట్టి ఇది చెన్నైలో కన్నా ఇక్కడ బాగా పనిచేస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గానీ ఫ్యాన్ పెట్టిన ట్యాంక్ ఆ కార్తెలో బాగానే ఉంటుంది. చిక్కు మృగశిర వచ్చాక. నాలుగు చినుకులు పడి గాలిలో తేమ పెరగ్గానే ఆవిరి తగ్గిపోతుంది, బయట చల్లబడిందని మనం ఏసీ కూడా ఆపేస్తాం, ట్యాంక్ మాత్రం నిన్నటి కన్నా రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. జూన్ నెలంతా థర్మామీటర్ మీద ఓ కన్నేసి ఉంచండి.

ఫ్యాన్ పెడితే నీళ్లు రోజుకు లీటరు దాకా తగ్గొచ్చు, ఆ తగ్గినదాన్ని ఉప్పులేని డీఐ నీళ్లతోనే నింపాలి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు మీద ఉప్పు పేరుకుంటుంది. ఆటో టాప్ ఆఫ్ సెన్సార్ ఒకటి కొంటే నీటి మట్టాన్ని అదే చూసుకుంటుంది. లైట్ కొనేటప్పుడు వంద రూపాయలకు ఆలోచించేవాళ్లు కూడా దీని దగ్గర ఆలోచించకూడదని నా గట్టి అభిప్రాయం.

పగలు ఏసీ ఆఫ్ చేసి ఆఫీసుకు వెళ్లిపోయే ఇల్లు, పై ఫ్లోర్, పడమటి ముఖం, ఈ మూడూ కలిస్తే ఫ్యాన్ చాలదు, చిల్లర్ కొనాల్సిందే. దాన్ని గాలి ఆడే చోట పెట్టండి, అది వదిలే వేడి మళ్లీ ట్యాంక్ కిందే తిరిగితే లాభం లేదు. ఫ్రీజర్లో గడ్డకట్టించిన వాటర్ బాటిల్ వేయడం ఒక్క పూట గండం గడవడానికే. రోజూ వేస్తే వేడి, చల్లదనం మధ్య ఊగి ఇంకా చెడుతుంది.

మరి హీటర్ అక్కర్లేదుగా?

కావాలి. డిసెంబర్, జనవరిల్లో రాత్రిళ్లు 12, 13కు పడిపోయే రోజులుంటాయి, చిన్న ట్యాంక్ తెల్లారేసరికి చల్లబడిపోతుంది. 50 వాట్ల హీటర్ చాలు, దాన్ని ఉష్ణోగ్రత కంట్రోలర్ ద్వారా నడపండి. హీటర్లు పాడైతే ఆగిపోకుండా వెలుగుతూనే ఉండిపోవడం మామూలే.

చేపలు ఎప్పుడు వేయాలి?

తొందరలేదు. రాళ్లు, ఇసుక, ఉప్పునీళ్లు వేసి పంపులు నడిపి, కొంచెం అమ్మోనియా లేదా బాటిల్ బ్యాక్టీరియాతో మొదలుపెడితే, ముందు అమ్మోనియా పెరుగుతుంది, ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. వేసిన అమ్మోనియా ఒక రోజులో సున్నా అయి, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే అప్పుడు మొదటి చేప. ఈలోగా లైట్ వేయకపోయినా నష్టం లేదు.

తర్వాత గోధుమ రంగు పొడి లాంటిది ఇసుక మీదా గాజు మీదా పరుచుకుంటుంది. అది డయాటమ్ అనే సూక్ష్మమైన నాచు, కంగారు పడక్కర్లేదు, సిలికేట్ అయిపోగానే పోతుంది. దాని తర్వాత పచ్చటి నాచు, ఒక్కోసారి ఎర్రటి జిగురు పొర. ప్రతిదానికీ ఓ మందు డబ్బా అమ్మేవాళ్లుంటారు. మేత తగ్గించి, నీటి ప్రవాహం పెంచి, వారం వారం నీళ్లు మార్చండి, చాలామటుకు అదే సర్దుకుంటుంది.

ఏ చేపలు?

60 లీటర్లకు రెండు, మహా అయితే మూడు చిన్నవి. ఓసెల్లారిస్ క్లౌన్ జంట, ఒక చిన్న గోబీ, అంతటితో ఆపేయండి. నారింజ రంగు క్లౌన్‌ను చూసి పిల్లలు వెంటనే పక్కనున్న నీలం టాంగ్‌ను కూడా అడుగుతారు, అది జానెడు పైన పెరిగి రోజంతా ఈదే చేప, దానికి మీ ట్యాంక్ చాలదు. ఫైర్ ఫిష్ వేస్తే పైన వల మూత తప్పదు, దూకి నేల మీద ఎండిపోతాయి.

క్లౌన్‌లు అన్నీ మొదట మగవే. రెండు చిన్నవాటిని, వాటిలో ఒకటి కాస్త పెద్దదిగా ఉండేలా చూసి తెచ్చుకుంటే పెద్దది ఆడదిగా మారి జంట కుదురుతుంది. వీలైనంత వరకు హేచరీలో పుట్టినవే అడగండి. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్‌లను గుడ్ల నుంచి పెంచే పద్ధతులు ఎప్పుడో సిద్ధం చేసింది, అలాంటివి మేత త్వరగా అలవాటు పడతాయి, రోగాలు తక్కువ. వాటికి ఎనిమోన్ (క్లౌన్‌లు సముద్రంలో ఆశ్రయం తీసుకునే పువ్వు లాంటి జీవి) ఉండి తీరాలని లేదు. కొత్త ట్యాంకులో ఎనిమోన్ వేస్తే అది రాత్రికి రాత్రి నడిచి పంపులో పడి ముక్కలై నీళ్లన్నీ పాడుచేసే ప్రమాదం ఉంది.

ఎక్కడ కొనాలి?

మంచినీటి చేపల షాపులు వీధికొకటి, ఉప్పునీటివి చాలా తక్కువ. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తుంటే కనిపించే చేప ఆకారం బిల్డింగ్‌లో దొరుకుతాయా అని అడిగేవాళ్లున్నారు, అది జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ఆఫీసు, షాపు కాదు. షాపులో చేప నచ్చితే ముందు మేత వేయమనండి. తినని చేపను ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు. రెక్కల మీద ఉప్పు రవ్వల్లాంటి చుక్కలుంటే ఆ ట్యాంకులో ఏదీ కొనకండి. ఆ పరాన్నజీవి మీ ట్యాంకులోకి వస్తే చేపలన్నీ తీసేసి రెండున్నర నెలలు ఖాళీగా ఉంచాల్సి వస్తుంది, ఎందుకంటే దాన్ని చంపే రాగి మందు కోరల్స్ ఉన్నచోట వేయలేం.

కోరల్స్ పెంచడం మన దేశంలో చట్టవిరుద్ధమా?

కొన్ని, అవును. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూల్లో గట్టి అస్థిపంజరం ఉండే హార్డ్ కోరల్స్ అన్నీ ఉన్నాయి. 2001 నుంచి అంతే, 2022 సవరణ తర్వాతా అంతే. మొదటి షెడ్యూల్ కేసంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, అంటే పులిని చంపినవాళ్ల మీద పెట్టే సెక్షన్లే. సముద్ర గుర్రాలు కూడా రక్షిత జాబితాలోనివే. చచ్చిన కోరల్ ముక్క అయినా అదే చట్టం వర్తిస్తుంది కాబట్టి మన్నార్ సింధుశాఖ వైపు నుంచి వచ్చిన దేశీ లైవ్ రాక్ (సముద్రం నుంచి తీసిన పగడపు రాయి) అని ఎవరైనా గుసగుసగా అమ్మితే దండం పెట్టి వచ్చేయండి. సిమెంట్‌తోనో సిరామిక్‌తోనో చేసిన కృత్రిమ రాయి దొరుకుతుంది, ఆరు నెలల్లో దాని మీద కూడా గులాబీ రంగు నాచు ఎక్కి చూడముచ్చటగా తయారవుతుంది. విదేశీ హార్డ్ కోరల్స్ సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవాల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నాయి, వాటికి కాగితాలు, రిజిస్ట్రేషన్ గొడవలుంటాయి, కొత్తవాళ్లు వాటి జోలికి వెళ్లకపోవడమే మేలు.

సాఫ్ట్ కోరల్స్‌తోనే ట్యాంక్ నిండుగా కనిపిస్తుంది: మష్రూమ్‌లు, జోయాంథిడ్‌లు, లెదర్, గ్రీన్ స్టార్ పాలిప్. ఇవి పెద్ద లైట్ అడగవు, కాల్షియం విడిగా పోయనక్కర్లేదు, వారం వారం మార్చే నీళ్లలోదే సరిపోతుంది. గ్రీన్ స్టార్ పాలిప్‌ను విడిగా ఓ రాయి మీద ఉంచండి, లేకపోతే గడ్డిలా అల్లుకుని మిగతావన్నీ కప్పేస్తుంది. జోయాంథిడ్‌లతో ఒక జాగ్రత్త: వాటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. కోసేటప్పుడు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి, అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో మరిగించి శుభ్రం చేయడం ఎప్పుడూ వద్దు, ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రి పాలైన కుటుంబాలు విదేశాల్లో ఉన్నాయి.

కరెంట్ పోతే?

చేపలకు ముందుగా కావాల్సింది ఆక్సిజన్. ఇన్వర్టర్ ఉంటే నీళ్లు తిప్పే పంపును మాత్రం దాని మీద వేయండి, అది ఐదారు వాట్లే, హీటర్, లైట్, చిల్లర్ వద్దు. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే మంచిది, పాత స్క్వేర్ వేవ్ మీద పంపులు రొద పెట్టి వేడెక్కుతాయి. లేదంటే కరెంట్ పోగానే దానంతటదే ఆన్ అయ్యే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి కొని పెట్టుకోండి.

దోమల మందు, అగరుబత్తీలు?

ఆలౌట్ లాంటి లిక్విడ్లలో, స్ప్రేలలో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకూ రొయ్యలకూ విషం. ట్యాంక్ ఉన్న గదిలో వద్దు, కిటికీలకు మెష్ వేయించుకోండి. అగరుబత్తీ వెలిగించే పూజగది పక్కనే ఎయిర్ పంప్ పెట్టకండి, అది ఆ పొగనంతా పీల్చి నీళ్లలోకి ఊదుతుంది. ఇంటికి రంగులు వేయిస్తుంటే కిటికీలు తెరిచి, ట్యాంకులో యాక్టివేటెడ్ కార్బన్ వేసి ఉంచండి.

వారం వారం ఏం చేయాలి?

ఆదివారం ఐదారు లీటర్ల నీళ్లు తీసి, అదే వేడిమి, అదే ఉప్పదనం ఉన్న కొత్త నీళ్లు పోయండి. అద్దం గీకండి. ఉప్పదనం చూడండి. నైట్రేట్ లీటరుకు 5 నుంచి 10 మిల్లీగ్రాముల మధ్య ఉంటే హాయి, సున్నా కోసం పాకులాడకండి, ఆకలితో కోరల్స్ పాలిపోతాయి. లైట్ రోజుకు ఎనిమిది గంటలు, టైమర్ మీద. తీసిన ఉప్పునీళ్లు బాత్రూమ్‌లో పోయండి, కుండీల్లో పోస్తే మొక్కలు చస్తాయి, తులసికోటలో పోస్తే ఇంట్లో యుద్ధమే.

సంక్రాంతికి ఊరెళ్తే?

నాలుగు రోజులైతే మేత లేకపోయినా ఎదిగిన చేపలకు ఏమీ కాదు. ఆటో టాప్ ఆఫ్ డబ్బా నిండుగా ఉంచి వెళ్లండి. వారం పైన అయితే పక్కింటి వాళ్లకు చెప్పాలి గానీ మేత డబ్బా మాత్రం చేతికివ్వకండి, పాపం ఆకలేస్తుందేమోనని గుప్పెడు వేస్తారు. మాత్రలు పెట్టుకునే వారం డబ్బాలో రోజుకింత అని చిటికెడు చొప్పున సర్ది, మిగతాది బీరువాలో దాచేయండి.

ఇక కుదరదు, తీసేయాలనుకుంటే?

హుస్సేన్ సాగర్‌లో వదలకండి, మంచినీళ్లలో ఉప్పునీటి చేప ఎక్కువసేపు బతకదు. వైజాగ్ వెళ్లి సముద్రంలో వదలడమూ తప్పే, ఎక్కడివో ఇండోనేషియా చేపలు, వాటి రోగాలు మన తీరానికి చేర్చినట్టవుతుంది. ఊళ్లో రీఫ్ పెంచేవాళ్ల గ్రూపులున్నాయి, ఆరోగ్యంగా ఉన్న క్లౌన్ జంటకూ సాఫ్ట్ కోరల్స్‌కూ ఒక్క రోజులో తీసుకెళ్లేవాళ్లు దొరుకుతారు. పంపులు, హీటర్ వెనిగర్‌లో నానబెట్టి కడిగి ఆరబెట్టండి, సున్నం పొర వదిలి కొత్తవాటిలా ఉంటాయి, అమ్మితే మంచి ధర వస్తుంది.